మా మరమ్మతు చరిత్ర

1

ముస్లిముల చరిత్ర అనగానే తెలుగు పాఠకుడి కళ్ళ ముందు రెండే బొమ్మలు మెదులుతాయి. ఒకటి కోట. రెండోది కొట్లాట. ఒకవైపు గోల్కొండ, చార్మినార్, నిజాం నగలు. ఇంకోవైపు కర్ఫ్యూ, కత్తి, లాఠీ. ఈ రెంటి మధ్యా ఇన్ని వందల ఏళ్ళు ఇక్కడ బతికిన మనుషులు ఏం చేసి బతికారు? పొద్దున లేచి ఎక్కడికి పోయారు? సాయంత్రం చేతులకు ఏం అంటించుకుని ఇంటికొచ్చారు? ఈ ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో లేవు. మా పెద్దలు రాసిన పుస్తకాల్లోనూ పెద్దగా లేవు. నవాబుల వంశవృక్షం రాసుకున్నంత శ్రద్ధగా కళాయి వేసేవాడి బతుకు ఎవరూ రాయలేదు.

మేం చెప్పదల్చుకున్న చరిత్ర పొడుగు మూరెడే. అది లారీ ముందు భాగంలో, రేడియేటర్‌కీ ఇంజనుకీ మధ్య, నల్లటి రబ్బరు పైపు రూపంలో ఉంటుంది. పాత లారీకి రేడియేటర్ పాడై, వేరే బండి రేడియేటర్ తెచ్చి కూర్చోబెట్టినప్పుడు, ఆ రెంటినీ కలిపే పైపు ఏ కంపెనీ జాబితాలోనూ ఉండదు. రేడియేటర్ చేసిన కంపెనీకి ఆ ఇంజను తెలియదు. ఇంజను చేసిన కంపెనీకి ఈ రేడియేటర్ తెలియదు. ఆ రెంటికీ పొత్తు కుదిర్చే పైపును వెతికి, కోసి, వంచి, చుక్క నీరు కారకుండా బిగించే పని తెలుగునాట చాలా ఊళ్ళల్లో మావాళ్ళ చేతుల్లో పడింది.

ఎందుకు పడింది? ఆ పనిలో ఉన్న తెలివి ఏమిటి? ఆ పని మాకు ఏం ఇచ్చింది, మా నుంచి ఏం తీసుకుంది? ఇదీ చరిత్రేనా అని మీరు అడగొచ్చు. ఆహారధాన్యాలు, సిమెంటు, పత్తి, మిర్చి ఏ లారీల మీద నడిచాయో ఆ లారీలను ఎవరు నడిచేట్టు ఉంచారన్నది చరిత్ర కాకపోతే మరేది చరిత్ర?

2

ముందు మాటల సంగతి చూద్దాం. మాటలు అబద్ధమాడవు.

తెలుగులో చెడిపోయినదాన్ని బాగుచేయడానికి అందరం వాడే మాట మరమ్మతు. అది అరబ్బీ మాట. పైపు వంపు ఇలా ఉండాలని చూపించే తీగ ముక్కను నమూనా అంటాం. అది పారసీ. ఖరీదు, కిరాయి, తయారు, హామీ కూడా ఆ దారినే వచ్చాయి. నట్టు విప్పే పానా ఉర్దూ. లారీ కింద ఉండే ఉక్కు బద్దీల కట్టను కమాను కట్ట అంటాం. కమాన్ అంటే విల్లు. మేస్త్రీ పోర్చుగీసువాళ్ళ నుంచి వచ్చాడు. లారీ, రబ్బరు, క్లిప్పు ఇంగ్లీషు. బండి, వంపు, కొలత, అతుకు, బిగింపు అచ్చ తెలుగు. ఒక్క పైపు బిగించేలోపు మేస్త్రీ నోట ఇన్ని భాషలు కలిసి వస్తాయి. షెడ్డులో ఎవరూ వాటిని విడదీసి, నీ మాట నీ దేశానికి తీసుకుపో అనరు. పని ఆగిపోతుంది కాబట్టి.

చేతుల సంగతి కూడా మాటల సంగతి లాంటిదే. దూదేకుల చేతిలో ఉన్నదీ విల్లే. ఆ వింటితో పత్తిని చెదరగొట్టి పరుపులు కుట్టిన తరాలు ఉన్నాయి. మిల్లు పరుపులు, ఆ తర్వాత ఫోము పరుపులు వచ్చాక ఆ విల్లు మూలబడింది. ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి వేసే మావాళ్ళు తగరాన్నీ నవాసారాన్నీ నిప్పునూ ఎరిగినవాళ్ళు. ఇంటింటికీ స్టీలు గిన్నెలు వచ్చాక వీధిలో వాళ్ళ కేక ఆగిపోయింది. రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొట్టే సాయిబులు ఉన్నారు. అరిగిపోయిన రాతికి మళ్ళీ పదును పెట్టడం వాళ్ళ వృత్తి. పిండిమరలు, మిక్సీలు వచ్చి ఆ పదునును అవసరం లేనిదిగా చేశాయి.

వీళ్ళు చేసిన పనులన్నిట్లో ఒక పోలిక ఉంది చూడండి. చాలావరకు కొత్త వస్తువును తయారుచేసే పనులు కావు. అరిగినదాన్ని, మాసినదాన్ని, చిల్లుపడ్డదాన్ని మళ్ళీ వాడకానికి తెచ్చే పనులు. ఇతరుల ఇంటి వస్తువును బాగుచేసి, వాళ్ళిచ్చింది తీసుకుని వచ్చే పనులు. పాత లారీల రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసినవి. వాటి అతుకులు తగరం, సీసం కలిపిన మాటుతో పెట్టినవి. గిన్నె అడుగున మాటు వేయడం తెలిసిన చేతికి రేడియేటర్ ట్యాంకుకు మాటు వేయడం పరాయి విద్య కాదు.

3

ఇక బండ్ల సంగతి.

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఈనాటి రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీల పుట్టుక వెతికితే అక్కడ తేలుతుంది. 1942లో హైదరాబాదులో ఆల్విన్ మెటల్ వర్క్స్ వచ్చింది. అది తర్వాత బస్సు బాడీలు కట్టింది. ఇంగ్లండు నుంచి వచ్చిన బండికి ఇక్కడ విడిభాగం దొరకదు. ఓడలో రావాలి. యుద్ధం వస్తే ఓడ రాదు.

యుద్ధం రానే వచ్చింది. పెట్రోలు కరువై బస్సులకు వెనకాల బొగ్గు పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడిపారు. పెద్దలు బొగ్గు బస్సు అని చెప్పేది దాన్నే. 1945 తర్వాత సైన్యం వదిలిపోయిన లారీలు వేలంలో వచ్చాయి. వాటిని డిస్పోజల్ బండ్లు అన్నారు. బండి చవక. విడిభాగం లేదు.

తర్వాత మరో దెబ్బ. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లే బండ్లు బిగించి అమ్మేది. ఫోర్డు కూడా ఇక్కడ బండ్లు బిగించేది. 1953లో భారత ప్రభుత్వం, ఇక్కడే విడిభాగాలు తయారుచేసే ఏర్పాటు లేకుండా ఊరికే బిగించి అమ్మే కంపెనీలు కొనసాగకూడదన్న విధానం తెచ్చింది. ఆ రెండు కంపెనీలూ తలుపులు మూసుకుని పోయాయి. స్వదేశీ పరిశ్రమకు అది మంచి నిర్ణయమే కావచ్చు. కానీ అప్పటికే రోడ్డు మీద ఉన్న షెవర్లే, ఫోర్డు లారీలు తల్లిదండ్రులు లేని పిల్లలయ్యాయి. వాటిని ఎవరూ తుక్కుకు వేయలేదు. అంత స్తోమత దేశానికి లేదు. పెట్రోలు ఇంజను పీకేసి, మద్రాసులో సింప్సన్ వాళ్ళు తయారుచేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజను పెట్టారు. ఇంజను మారితే నీళ్ళు వచ్చే మూతి మారింది. పోయే మూతి మారింది. పైపు కుదరలేదు. సరిగ్గా ఇక్కడ మా చరిత్ర మొదలవుతుంది.

1954లో టాటాలు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ పొత్తు ముగిసింది. లారీ ముఖాన నక్షత్రం పోయి టాటా అక్షరం వచ్చింది. మద్రాసు నుంచి అశోక్ లేలాండ్ బండ్లు వచ్చాయి. 1966లో విజయవాడలో జవహర్ ఆటోనగర్ వచ్చింది. ఇంజను పనివాళ్ళు, కమాను పనివాళ్ళు, బాడీ కట్టేవాళ్ళు, టింకరింగు, పెయింటింగు, వెల్డింగు, రేడియేటర్ పనివాళ్ళు అక్కడ చేరారు. ఇందులో కమ్మరీ ఉన్నాడు, కంసాలీ ఉన్నాడు, మాలా మాదిగా ఉన్నారు, పంజాబు సర్దారూ ఉన్నాడు, సాయిబూ ఉన్నాడు. మేం మా ఒక్కరిదే ఈ విద్య అనడం లేదు. అందులో మా వాటా రాయండి అంటున్నాం.

1980లలో జపాను బండ్లు వచ్చాయి. మన జహీరాబాదులోనే ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ పెట్టారు. ఉత్తరాన డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి వచ్చాయి. పదేళ్ళు తిరక్కుండానే కొన్నిటి యాజమాన్యాలు మారాయి, పేర్లు మారాయి, మోడళ్ళు ఆగిపోయాయి. కంపెనీ కాగితం మీద మోడల్ చచ్చిపోతుంది. అప్పు చేసి కొన్నవాడి దగ్గర బండి చావదు. ఇంకో ఇరవై ఏళ్ళు నడవాలి. కంపెనీ వదిలేసిన ఆ ఇరవై ఏళ్ళ భారం మోసింది షెడ్లు.

4

ఇప్పుడు పని లోపలికి వెళ్దాం. ఇది చదువుకున్నవాళ్ళు తక్కువగా చూసే విద్య. అందుకే వివరంగా చెబుతున్నాం.

పాత టాటా 1210 లారీ అనుకోండి. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసి పోసి రేడియేటర్ గొట్టాల్లో సున్నపు పెచ్చు కట్టింది. ట్యాంకులు విప్పి, గొట్టాల్లో సన్నటి బద్దలు దూర్చి పెచ్చు గీకించారు. రెండుసార్లు మాటు వేయించారు. మూడోసారి గొట్టాలే తినేసి ఉన్నాయి. తుక్కులో వచ్చిన వేరే మోడల్ రేడియేటర్ కొంచెం పెద్దది దొరికింది. ఫ్రేముకు పట్టీలు వెల్డింగు చేసి కూర్చోబెట్టారు. చూస్తే పై మూతి కుడివైపు ఉండాల్సింది ఎడమవైపు ఉంది. కింది మూతి లావు ఎక్కువ. పాత పైపు చేరదు. కొత్త పైపు కొట్టులో లేదు.

తెలియనివాడు కొట్టుకు పోయి ఫలానా బండికి పైపు ఇవ్వు అంటాడు. కొట్టువాడు ఇస్తాడు. అది పట్టదు. తెలిసిన మేస్త్రీ బండి పేరు చెప్పడు. ముందు రెండు మూతుల బయటి కొలత తీసుకుంటాడు. పైపుకు రాసే కొలత లోపలి వెడల్పు, మూతికి చూడాల్సింది బయటి వెడల్పు. ఈ తేడా తెలియకే సగం పైపులు తిరిగి వస్తాయి. తర్వాత ఒక వెల్డింగు కడ్డీ తీసుకుని ఈ మూతి నుంచి ఆ మూతికి పైపు ఏ దారిన పోవాలో ఆ దారిన వంచుతాడు. ఫ్యానుకు తగలకుండా, బెల్టుకు ఒరుసుకోకుండా, పొగ గొట్టం వేడికి దూరంగా. అదే నమూనా. దాన్ని చేత్తో పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాదు రాణీగంజ్‌లోనో కొట్టుకు పోతాడు. పైన వేలాడే పైపుల్లో వంపు వంపుకూ ఆనించి చూస్తాడు. ఆ పైపు ట్రాక్టరుదా, బస్సుదా, జీపుదా అన్నది అతనికి పనిలేదు. ఎక్కడో ఒక పైపు మధ్యలో తనకు కావాల్సిన వంపు ఉంటుంది. రెండు చివర్లూ కోసేస్తే అది తన పైపు.

రెండు మూతులూ సమానంగా లేకపోతే? ఒకటి 45 మిల్లీమీటర్లు, ఇంకొకటి 50 అనుకోండి. లావు పైపు తెచ్చి సన్నటి మూతి మీద క్లిప్పుతో బలవంతంగా నొక్కితే రబ్బరు మడత పడుతుంది. మడతలోంచి నీళ్ళు కారుతాయి. సరైన దారి, ఒక చివర లావు, ఒక చివర సన్నం ఉన్న పైపు వెతకడం. లేదా లేతు మీద రెండు కొలతల ఇనప గొట్టం చేయించి, దానికి రెండువైపులా రెండు రబ్బరు ముక్కలు వేయడం. ఆ గొట్టం చివర చిన్న గట్టు లేపాలి. గట్టు దాటి లోపలికి క్లిప్పు రావాలి. గట్టు మీదే బిగిస్తే క్లిప్పు జారిపోతుంది. పైపు మూతి మీదికి అంగుళానికి తగ్గకుండా ఎక్కాలి. ఎక్కకపోతే గ్రీజు రాయకూడదు. నూనె రబ్బరును తినేస్తుంది. సబ్బు నీళ్ళు రాయాలి, లేదా పైపు చివర వేడినీళ్ళలో ముంచాలి.

మరి ఇంత బాధెందుకు, ఆ మూతి నుంచి ఈ మూతి దాకా ఇనప గొట్టమే వేసేయొచ్చు కదా? వేయకూడదు. రేడియేటర్ ఫ్రేముకు కట్టి ఉంటుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద ఊగుతూ ఉంటుంది. స్టార్టు చేసినప్పుడు ఒకవైపు ఒరుగుతుంది, గేరు మార్చినప్పుడు ఇంకోవైపు. మధ్యలో వంగని గొట్టం ఉంటే రేడియేటర్ మూతి మాటు పగిలిపోతుంది. రెండు పక్కలా వంగే ముక్క ఉండాలి. కొంచెం వదులు ఉండాలి. కలపడం అంటే కదలకుండా కట్టేయడం కాదని ప్రతి పనివాడికీ తెలుసు.

కింది పైపు కథ వేరు. పై పైపులో ఇంజను నుంచి నీళ్ళు తోసుకుని వస్తాయి. కింది పైపును వాటర్ పంపు పీలుస్తుంది. పైపు మెత్తగా ఉంటే ఆ పీల్పుకు రెండు గోడలూ అతుక్కుపోతాయి. షెడ్డులో నిలబెట్టి చూస్తే బండి చల్లగానే ఉంటుంది. ఓనరు డబ్బులిచ్చి వెళ్ళిపోతాడు. లోడు వేసుకుని ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను వేగం పెరుగుతుంది, పీల్పు పెరుగుతుంది, పైపు నొక్కుకుపోతుంది, ముల్లు ఎర్ర గీత దాటుతుంది. రేడియేటర్ చెడ్డదని తిడతారు. చెడ్డది రేడియేటర్ కాదు, పైపు. అందుకే కింది పైపు గట్టి గుడ్డ పొరలు ఉన్నది వేయాలి, లేదా లోపల స్ప్రింగు తీగ పెట్టాలి. పొలం మోటారుకు వేసే పైపు ముక్క కొలత కుదిరింది కదా అని వేయకూడదు. రేడియేటర్ మూత ఒక కిలో ఒత్తిడి పట్టేదైతే లోపలి నీళ్ళు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. ఆ వేడికి, ఆ ఒత్తిడికి నిలబడే పైపు కావాలి. వేడి బండి మూత తీయబోయి ముఖం కాల్చుకున్న క్లీనర్లు లేని లారీ ఊరు లేదు.

చివరి మెళకువ నీళ్ళు పోయడం. కొత్తగా పెట్టిన రేడియేటర్ ఇంజను తల కంటే కిందికి ఉంటే పైన గాలి చిక్కుకుంటుంది. నిండింది అనుకుంటాం, నిండదు. నెమ్మదిగా పోయాలి, ఇంజను నడిపి గాలి పోనిచ్చి, చల్లారాక మళ్ళీ చూసి పోయాలి. పై పైపును వేళ్ళతో నొక్కి చూసి లోపల గాలి ఉందో నీళ్ళున్నాయో చెప్పే చేతులు ఉన్నాయి. ఆ చేతులకు డిగ్రీ లేదు.

5

ఇంత వివరం ఎందుకు చెప్పామంటే, ఈ పనిలో ఒక నీతి ఉంది. కొట్టులో నిలబడ్డ మేస్త్రీ పేరు అడగడు. కొలత అడుగుతాడు. ఎక్కడి నుంచి వచ్చావు అనడు. ఏ వంపు, ఎంత పొడుగు, ఎంత వేడి తట్టుకుంటావు అంటాడు.

అదే మేస్త్రీ సాయంత్రం ఇల్లు అద్దెకు వెతకడానికి పోతే ముందు పేరే అడుగుతారు. పేరు చెప్పాక ఇల్లు ఇప్పుడే ఇచ్చేశాం అంటారు. మీరు తెలుగు బాగా మాట్లాడతారే, ముస్లిములంటే నమ్మలేం అంటారు. మెచ్చుకోలు అనుకుని అంటారు. దూదేకుల ఇంట్లో తెలుగే మాట్లాడతారని, తెలుగు తప్ప మరో భాష రాని ముస్లిములు ఊరూరా ఉన్నారని చెప్పి చెప్పి మా నోరు నొప్పి పుట్టింది.

జనజీవన స్రవంతిలో కలవండి అని మాకు ఎప్పటి నుంచో చెబుతున్నారు. మేం అడిగేది ఒక్కటే. కలపడం ఎలాగో షెడ్డులో చూడండి. రెండు మూతులు కుదరకపోతే రేడియేటర్ మూతిని ఆకురాయితో అరగదీసి సన్నం చేయరు. చేస్తే మూతి పల్చబడి పగులుతుంది. రేడియేటర్ రేడియేటర్‌గానే ఉంటుంది, ఇంజను ఇంజనుగానే ఉంటుంది. మధ్యలో వంగే ముక్కను వెతకడానికి ఇద్దరి తరఫునా కష్టపడతారు. నువ్వు నాలా అయిపో అన్నది కలపడం కాదు.

లౌకికవాద మిత్రులు ఇక్కడ ఒక ప్రమాదం చేస్తుంటారు. ప్రేమతోనే చేస్తారు. సాయిబుల చేతిలో ఏదో ఉందండీ, పుట్టుకతోనే మెకానిక్కులు అంటారు. మేం ఈ పొగడ్తను ఒప్పుకోం. పుట్టుకతో ఎవడూ మెకానిక్కు కాడు. పానా పట్టుకుని ఏ తల్లి కడుపులోంచీ ఎవడూ రాలేదు.

మావాళ్ళు షెడ్లలోకి ఎందుకొచ్చారో చరిత్రే చెబుతుంది. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత హైదరాబాదు సైన్యం పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు మావి కావు. పోవాల్సినవే. కానీ జాగీరు ఇళ్ళ చుట్టూ బతికిన వంటవాడు, గుర్రాలవాడు, దర్జీ, జవాను వీధిన పడ్డారు. కచ్చేరీ భాష ఉర్దూ కాకుండా పోవడంతో ఉర్దూ చదివిన చిన్న గుమాస్తా చదువు చెల్లని రూపాయి అయింది. కోస్తాలో, రాయలసీమలో నిజామూ లేడు, జాగీరూ లేదు. అక్కడ మావాళ్ళలో చాలామందికి భూమి లేదు, బడికి పోయే తీరిక లేదు. భూమి లేనివాడికి, పైరవీ లేనివాడికి, బ్యాంకు అప్పు పుట్టనివాడికి తెరిచి ఉన్న తలుపు షెడ్డు ఒక్కటే. లోపలికి పోవడానికి సర్టిఫికెట్టు అడగలేదు. జీతమూ ఇవ్వలేదు.

ఇది మా ఊహ కాదు. 2005లో వేసిన సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో, ముస్లిం పనివాళ్ళు ఎక్కువగా కనిపించే రంగాల్లో చిల్లర వ్యాపారం, రోడ్డు రవాణా, వాహనాల మరమ్మతు ఉన్నాయని రాసింది. బ్యాంకు రుణాల్లో మా వాటా మా జనాభా కంటే తక్కువని కూడా రాసింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవాలి. అప్పు ఇవ్వని దేశంలో చేతి పనే పెట్టుబడి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో 14 ముస్లిం సమూహాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేశారు. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. ఆ జాబితాలో రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు, పత్తర్‌ఫోడులు ఉన్నారు. మరమ్మతు చేసి బతికిన మనుషుల పేర్లు ప్రభుత్వ కాగితం మీదికి వచ్చిన కొద్ది సందర్భాల్లో అదొకటి. అది మతానికి ఇచ్చింది అని గోల చేసేవాళ్ళు ఆ జాబితాలోని వృత్తులను ఒకసారి చదవాలి.

6

పని గొప్పతనం చెప్పినప్పుడు దాని ఖరీదు కూడా చెప్పాలి. లేకపోతే మేమూ అబద్ధపు చరిత్రే రాసినవాళ్ళం అవుతాం.

రేడియేటర్ మాటులో సీసం ఉంది. గాలి ఆడని గదిలో దాన్ని కరిగిస్తూ ఆ పొగ పీల్చినవాడి రక్తంలోకి సీసం చేరుతుంది. ఆమ్లం పూసి గోకిన వేళ్ళతోనే టీ తాగుతారు, రొట్టె తింటారు. ఆ బట్టలే ఇంటికొస్తాయి. ఆ బట్టలు ఉతికే తల్లి, భార్య ఈ చరిత్రలో ఎక్కడున్నారు? షెడ్డు ముందు బోర్డు మీద ఉస్తాద్ పేరు ఉంటుంది. ఆ గ్రీజు, ఆ సీసం నీళ్ళలో చేతులు నానబెట్టినవాళ్ళ పేరు ఉండదు. షెడ్డు నడవని నెలల్లో పూసల పని చేసి, బీడీలు చుట్టి, మిషను కుట్టి పొయ్యి వెలిగించింది వాళ్ళు.

ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ని తెచ్చి ఉస్తాద్ దగ్గర వదిలి, ఎముకలు మావి, తోలు మీది అని చెప్పిన రోజులున్నాయి. తన్నులు తిని నేర్చుకున్నాం అని గర్వంగా చెప్పుకునే పెద్దలున్నారు. ఆ గర్వం మాకొద్దు. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టడం చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా అది తప్పే. విద్య నేర్పడానికి బాల్యాన్ని ఫీజుగా కట్టించుకోకూడదు.

ఇంకోవైపు పనే జారిపోతోంది. కొత్త బండ్ల రేడియేటర్లు అల్యూమినియంతో, ప్లాస్టిక్ ట్యాంకులతో వస్తున్నాయి. వాటికి తగరపు మాటు పట్టదు. 2020లో బీఎస్-6 వచ్చాక ఇంజను చుట్టూ సెన్సర్లు, వైర్లు పెరిగాయి. 2021లో కేంద్రం పాత వాహనాల తుక్కు విధానం ప్రకటించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దయింది. పాత లారీ పొగ మా పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. షెడ్ల పక్కన ఉండేది మేమే. కాబట్టి ప్రతి పాత బండినీ శాశ్వతంగా నడపండి అని మేం అనం. మా ప్రశ్న వేరు. బండికి తుక్కు విలువ కట్టారు. ఆ బండిని అన్నేళ్ళు నడిపిన చేతికి ఏం విలువ కట్టారు?

మాకు కావాల్సినవి పెద్దవేం కావు. ఇరవై ఏళ్ళు పని చేసినవాడికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇవ్వండి. కొత్త బండ్ల పని నేర్చుకోవడానికి ఐటీఐ తలుపులు సాయంత్రం పూట, తెలుగులో, ఉర్దూలో తెరవండి. సీసం పని చేసేవాళ్ళకు రక్త పరీక్ష, గాలి ఆడే షెడ్డు ఇవ్వండి. హామీ లేకుండా చిన్న అప్పు ఇవ్వండి. ఇవి దయ కాదు. దేశం సరుకు మోసినందుకు రావాల్సిన కిరాయి.

మావాళ్ళకు కూడా ఒక మాట. ఈ విద్య ఇప్పటిదాకా నోటితోనే నడిచింది. ఉస్తాద్ పోతే ఆయన కొలతలన్నీ ఆయనతో పోతున్నాయి. ఏ ఇంజనుకు ఏ బండి రేడియేటర్ పట్టింది, ఏ పైపును ఎక్కడ కోస్తే ఆ వంపు దొరికింది, ఏ బండికి కింది పైపులో స్ప్రింగు వేయాల్సి వచ్చింది అన్నీ పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. తేదీ వేయించండి. బొమ్మ గీయించండి. కింద ఉస్తాద్ పేరు రాయించండి. ఆయన ఉర్దూలో చెబితే తెలుగులో రాయండి, తెలుగులో చెబితే తెలుగులోనే రాయండి. కోటల చరిత్ర రాయడానికి ప్రభుత్వాలున్నాయి. కొట్లాటల చరిత్ర రాయడానికి పోలీసు స్టేషన్లున్నాయి. మరమ్మతుల చరిత్ర రాయాల్సింది మనమే.